పులిని చూడటానికి ఎంత బరువు?

కోఠిలోని కెమెరా షాపులో కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "సార్ ఏ బాడీ వాడతారు మేడమ్?"

బాడీ అంటే లెన్స్ తగిలించని కెమెరా అని నాకు తెలుసు. ఆ సార్ ఎవరో మాత్రం తెలియలేదు. కెమెరా నా కోసమేనని చెప్పాను. వెంటనే ఒక బుల్లి కెమెరా తీసి, దాని తెర ముందుకు తిప్పి, నా మొహం నాకే చూపించాడు. "రీల్స్‌కి సూపర్‌గా ఉంటుంది మేడమ్." నేను మే నెలలో తాడోబా అడవికి పులిని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాక, అతను లోపలికి వెళ్ళి రెండు కిలోల బరువున్న 150-600 లెన్స్ పట్టుకొచ్చాడు. "పులి అంటే ఇది ఉండాల్సిందే. ఇంతకంటే తక్కువైతే వెళ్ళీ లాభం లేదు."

అయితే నా మొహం నేను చూసుకునే కెమెరా, లేకపోతే ఫిరంగి. ఈ రెంటి మధ్య ఆడవాళ్ళకి ఇంకేదీ లేదా అనుకుంటూ ఆ రోజు ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

నిజానికి పులిని చూడాలన్న కోరిక నాది కాదు, మా అమ్మది. అమ్మకి 62 ఏళ్ళు. కాగజ్‌నగర్ దగ్గరి ఒక పల్లెలో పుట్టింది. చిన్నప్పుడు ఎండాకాలమొస్తే వాళ్ళమ్మతో కలిసి తెల్లారకముందే తునికాకుకి వెళ్ళేది. యాభై ఆకులు ఒక కట్ట. సాయంత్రానికి కల్లం దగ్గర లెక్క. ఆ కథలన్నిట్లోనూ పులి ఉండేది. దాని అడుగులుండేవి, అరుపుండేది, పోయిన లేగదూడలుండేవి. "చిన్నప్పట్నుంచి దానికి భయపడుడే గాని, దాని మొఖం సూసింది లేదు బిడ్డా. ఒక్కసారి సూడాలె" అంది పోయిన చలికాలం. కాంట్రాక్టు లెక్చరర్‌గా నాకు రావలసిన బకాయిలు అప్పుడే ఒక్కసారిగా చేతికొచ్చాయి. అలా మొదలైంది ఈ ప్రయాణం.

కెమెరా అనగానే నాకు నాన్న యాషికా గుర్తొస్తుంది. అది బీరువాలో, బంగారం పెట్టే అరలో ఉండేది. రీలుకి ముప్పై ఆరు ఫొటోలు. పండగలకీ పెళ్ళిళ్ళకీ నాన్న దాన్ని బయటికి తీసి, మమ్మల్ని వరసగా నిలబెట్టేవాడు. అమ్మ ఎటు తిరగమంటే అటు తిరిగేది. ఒకసారి, "మీరు గూడ పిల్లలతోని నిలబడుండ్రి, నేను తీస్త" అని అమ్మ చెయ్యి చాపింది. "రీలు ఖరాబైతది" అన్నాడు నాన్న. అంతే. పాతికేళ్ళ మా ఆల్బమ్‌లలో అమ్మ తీసిన ఫొటో ఒక్కటీ లేదు. అందుకే నాన్న ఉన్న ఫొటోలూ దాదాపు లేవు. నాలుగేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు దండ వేయడానికి ఫొటో దొరక్క, ఆఫీసు ఐడీ కార్డు మీది తపాలా బిళ్ళంత మొహాన్ని పెద్దది చేయించాం. అది ఇప్పటికీ మసగ్గానే ఉంటుంది.

అన్న కూడా నాన్న లాంటివాడే, కాకపోతే వాడి కెమెరా ఖరీదెక్కువ. "నా 150-600 తీస్కపో. కాని సెట్టింగులేం ముట్టుకోకు" అన్నాడు. ఆ లెన్స్‌ని వాళ్ళింటి డాబా మీద కంటికి ఆనించి, ఎదురింటి ట్యాంకు మీది పావురాన్ని చూశాను. రెండు నిమిషాలకే పావురం ఊగడం మొదలైంది. ఊగుతున్నది నా చేతులని ఆ తర్వాత తెలిసింది. అన్నకిస్తే వాడి చేతులూ వణికాయి. గాలి వీస్తోందన్నాడు.

ఆడవాళ్ళు బరువు మోయలేరని నేననడం లేదు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా (1913-2012) చీర కట్టుకునే బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోస్తూ దశాబ్దాల పాటు పనిచేసింది. మా అమ్మమ్మ తలమీద మోసిన తునికాకు మూటల ముందు ఈ లెన్సులు ఏపాటివి? మోయగలమా లేదా అన్నది కాదు ప్రశ్న. దేనికోసం మోస్తున్నాం అన్నది.

అందుకని ముందు విషయం నేర్చుకుందామని కూర్చున్నాను. సిద్ధాంత గ్రంథం రాసిన అలవాటు, నోట్సు లేకుండా ఏదీ బుర్రకెక్కదు. ఆ నోట్సులో తేలినవి కొన్ని ఇక్కడ చెప్తాను, నాలాగా వెళ్ళేవాళ్ళకి పనికొస్తాయని.

లెన్స్ మీద రాసి ఉండే మిల్లీమీటర్లు ఎంత దూరాన్ని ఎంత దగ్గరకి లాగుతుందో చెప్తాయి. అయితే కెమెరా లోపలి సెన్సర్ చిన్నదైతే అదే లెన్స్ ఇంకా దగ్గరగా చూపిస్తుంది. కానన్ చిన్న సెన్సర్ కెమెరాల్లో ఆ లెక్క 1.6 రెట్లు. అంటే 400 లెన్స్ 640లా పనిచేస్తుంది. ఇక 'ఎఫ్' పక్కనుండే అంకె వెలుతురుది. అది ఎంత చిన్నదైతే లెన్స్ లోపలికి అంత ఎక్కువ కాంతి వస్తుంది. 600 ఎఫ్/4 లెన్సులు మూడు కిలోలకు పైనే బరువుంటాయి, ధర పది లక్షల పైమాటే. నా అందుబాటులో కనిపించిన కానన్ 100-400 లెన్స్ బరువు 635 గ్రాములు. కాని దాన్ని 400 దాకా లాగితే ఎఫ్/8. అంటే ఎఫ్/4 లెన్స్‌కి వచ్చే కాంతిలో నాలుగోవంతు. తెల్లవారుజాము చీకట్లో పెద్ద లెన్స్‌వాళ్ళు ఐఎస్ఓ 1600 పెట్టి సెకనులో వెయ్యోవంతులో ఫొటో తీస్తుంటే, నేను ఐఎస్ఓ 6400 పెట్టుకుని బొమ్మలో గరుకుదనాన్ని భరించాలి. లేకపోతే సెకనులో 250వ వంతుకి దిగి, పులి కదలకూడదని మొక్కుకోవాలి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ నా చేతి వణుకుని సర్దగలదు గాని, పులి నడకని ఆపలేదు కదా.

24 నుంచి 3000 మిల్లీమీటర్ల దాకా ఒకే కెమెరాలో ఇమిడ్చిన నికాన్ పీ1000 కూడా చూశాను. వింటే ఆశ పుడుతుంది. కాని దాని సెన్సర్ మన చిటికెనవేలి గోరంత. ఎండలో చంద్రుడిలాంటి స్పష్టత ఇస్తుందేమో గాని, పులులు తిరిగే మసక వెలుతురులో తేలిపోతుంది. ఎంత జూమ్ ఉన్నా, మిట్టమధ్యాహ్నం నేల నుంచి లేచే వేడి సెగల్లో దూరపు జంతువు నీళ్ళలో నీడలా అలలాడుతుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు.

చివరికి కానన్ ఆర్10 బాడీ, ఆ 100-400 లెన్స్ కొన్నాను. రెండూ కలిపి కిలోకి కాస్త పైన. గంటసేపు పట్టుకోగలను. నా చెయ్యి నొప్పి పుట్టాక తీసిన ఫొటో కన్నా, నొప్పి లేకుండా చూసిన చూపు మేలనుకున్నాను. అన్న మాత్రం, "ఎఫ్/8తోని ఏమొస్తది? నల్లగొస్తది" అన్నాడు. నల్లగానైనా నాది.

ఈ నోట్సు రాసుకుంటున్నన్ని రోజులూ ఇంకో సంగతి నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. నా పరిశోధన ప్రబంధాల్లో వేట వర్ణనల మీద. మనుచరిత్రలో స్వరోచి వేట దగ్గర్నుంచి ఎన్ని వేటలు చదివానో! కుక్కలు, వలలు, ఈటెలు, వాటి వివరాలు, ఆ వివరాల్లో కవికుండే ఉత్సాహం. కెమెరా పరికరాల గురించి మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే నాకు అదే ఉత్సాహం వినపడింది. 'షూట్' చేయడం, 'హిట్' పడటం, ఎవరి లెన్స్ పొడవెంత. సూసన్ సాంటాగ్ 1977లో వచ్చిన 'ఆన్ ఫొటోగ్రఫీ'లో ఈ పోలికని ఎప్పుడో పట్టుకుంది. తూర్పు ఆఫ్రికా సఫారీలో తుపాకి స్థానంలోకి కెమెరా వచ్చిందని రాసింది. డోనా హారవే 1984లో రాసిన 'టెడ్డీ బేర్ పేట్రియార్కీ' వ్యాసం న్యూయార్క్ మ్యూజియంలోని ఆఫ్రికా హాలు గురించి. ఆ హాలుని ఊహించిన కార్ల్ ఏక్లీ ఏనుగుల్నీ గొరిల్లాల్నీ చంపి, వాటి తోళ్ళతో ప్రాణమున్నట్టే బొమ్మలు నిలబెట్టాడు. అడవిలో వాడటానికని ప్రత్యేకంగా ఒక సినిమా కెమెరానీ తయారుచేశాడు. తుపాకీ, కెమెరా, మ్యూజియం, మూడూ మగతనాన్ని భద్రపరచుకునే పనిలో ఎలా ఒకటయ్యాయో హారవే విప్పి చూపిస్తుంది.

మన దగ్గర ఆ కథ కొంచెం వేరుగా కూడా నడిచింది. అప్పటి సంయుక్త రాష్ట్రాల్లో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ తుపాకి వదిలేసి, పులి నడిచే దారికి అడ్డంగా తీగ కట్టాడు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి కెమెరా క్లిక్‌మనేది. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం వేశాడు. జిమ్ కార్బెట్ తుపాకి నుంచి కెమెరా వైపు మళ్ళడానికి చాంపియన్ ప్రభావమూ ఒక కారణం. ఇవాళ పులుల లెక్కకి అడవుల్లో చెట్లకి కట్టే కెమెరా ట్రాపులు ఆ తీగకి మనవరాళ్ళే. అంటే ఎదుటి ప్రాణిని చంపకుండా చూడటం కూడా కెమెరా చరిత్రలో ఉంది. నాకది కాస్త ఊరట.

మన భాషలో ఒక మంచి మాట ఉంది. మనం ఫొటో 'దిగుతాం'. తీసేవాళ్ళు తీస్తారు, దిగేవాళ్ళు దిగుతారు. దిగడంలో దిగేవాళ్ళ ఇష్టం ఉంది. కొంగు సర్దుకుని, జుట్టు దువ్వుకుని, సరేనని నిలబడటం ఉంది. పులి ఫొటో దిగదు. దాని దగ్గర్నుంచి మనం తీసుకోవడమే. అందుకని అమ్మకి కెమెరా కాకుండా బైనాక్యులర్స్ కొందామనిపించింది. దాంతో ఏదీ తీసుకోనక్కరలేదు. చూస్తే చాలు.

తీరా చూస్తే లెన్స్ కన్నా దీన్ని ఎంచుకోవడమే కష్టమైంది. 10x42, 8x42, 8x32 అని రాసి ఉంటుంది. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె. 8 అయితే ఎనభై మీటర్ల దూరంలో ఉన్నది పది మీటర్లలో ఉన్నట్టుంటుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే కాంతి వృత్తం ఎంతో తెలుస్తుంది. 8x42కి 5.25 మిల్లీమీటర్లు, 8x32కి 4. షాపులో 10x42 అంటగట్టబోయారు, "ఎక్కువ దగ్గరగా వస్తుంది" అని. చేతి వణుకు కూడా పదింతలవుతుందనీ, చూసే మేర తగ్గుతుందనీ ఎవరూ చెప్పలేదు. పైగా వయసు పెరిగే కొద్దీ చీకట్లో కంటిపాప కుర్రతనంలో విప్పారినంతగా విప్పారదు. అమ్మ కంటికి 42 ఇచ్చే అదనపు వెలుతురంతా ఉపయోగపడదు, బరువు మాత్రం మెడకి మిగులుతుంది.

అసలు తిప్పలు కళ్ళ మధ్య దూరంతో వచ్చాయి. అమ్మ కళ్ళద్దాల చీటీలో అది 56 మిల్లీమీటర్లని ఉంది. చాలా పెద్ద బైనాక్యులర్స్ గొట్టాలు అంత దగ్గరకి ముడుచుకోవు. సగటున ఆడవాళ్ళ కళ్ళ మధ్య దూరం మగవాళ్ళకన్నా కాస్త తక్కువ. ఏదో ఒక 'మామూలు' మొహాన్ని మనసులో పెట్టుకుని చేసిన వస్తువు, ఆ కొలతకి బయటున్న మొహానికి రెండు వేరువేరు బొమ్మలు చూపిస్తుంది. పరికరం సరిపోలేదని అనుకోం. నాకు చూడటం రాదేమో అనుకుంటాం. అమ్మ కూడా అదే అంది, నాలుగో జత పక్కన పెడుతూ. "నాకు గివి సూసుడు రాదు తియ్యి."

ఐదో జత సరిపోయింది. 8x32, అరకిలో పైన. కళ్ళద్దాలు తీయకుండానే మొత్తం బొమ్మ కనిపించాలంటే ఐ రిలీఫ్ పదిహేను, పదహారు మిల్లీమీటర్లైనా ఉండాలి, దీనికి ఉంది. అమ్మకి ఒక కంటికే శుక్లం ఆపరేషన్ అయింది, రెండు కళ్ళ చూపూ సమానం కాదు. ఎడమ కన్ను తెరిచి మధ్య చక్రంతో స్పష్టం చేసుకుని, తర్వాత కుడి కంటికి డయాప్టర్ తిప్పుకోవాలి. షాపు బయట నిలబడి అమ్మ అలా తిప్పుతూ తిప్పుతూ ఒక్కసారి ఆగిపోయింది. "అగో, గా బిల్డింగు మీద కాకి ముక్కు గూడ కనవడ్తుంది!"

కెమెరా కింద పెట్టుకునే బీన్‌బ్యాగ్ అమ్మే కుట్టింది, అన్న పాత జీన్స్ ప్యాంటుతో. ఖాళీ సంచీ తీసుకెళ్ళి అక్కడ గింజలు నింపుకుంటే ప్రయాణంలో బరువుండదు. బియ్యం పోద్దామంటే, "తినే బియ్యం మీద గా మిషిని పెడ్తవా?" అని ఒప్పుకోలేదు. జొన్నలు మాత్రం తినేవి కావా అంటే, "అవి కడుక్కుంట తీ" అంది. మేలో తాడోబా దుమ్ము ఎర్రటి పొడిలా లేస్తుంది. నా లెన్స్‌కి దుమ్ము రాకుండా పకడ్బందీ సీలింగు లేదు. అమ్మ పాత నేత చీర ముక్క దానికి ముసుగైంది.

బల్లార్షా రైలెక్కి, చంద్రపూర్ మీదుగా వెళ్ళాం. తాడోబా-అంధారి పులుల అభయారణ్యం మాకు పరాయి చోటు కాదు. ఆ పులులే కారిడార్ వెంట కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తాయి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. అమ్మ రైల్లో ఆ అమ్మాయి గురించే మాట్లాడింది. పులిని చూడాలన్న కోరికా, ఆ అమ్మాయి మీది దుఃఖమూ అమ్మలో పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకదాన్నొకటి కాదనలేదు.

కోర్ అడవిలోకి మొబైల్ ఫోన్లు రానివ్వరు. గేటు దగ్గరే ఇచ్చేశాం. మాకు వచ్చిన గైడ్ ఒక స్త్రీ. అమ్మ మరాఠీ మొదలుపెట్టగానే ఇద్దరూ కలిసిపోయారు. మా ముందు జీపులో మగవాళ్ళు పొడుగాటి లెన్సులు వరసగా బయటికి పెట్టారు. మా గైడ్ దగ్గర మాత్రం ఏమీ లేదు. ఆమె చెవులతో చూస్తోంది. చుక్కల దుప్పి కేక, కొండముచ్చు దగ్గు, రెండింటి మధ్య తేడా. ఒకచోట జీపు ఆపించి చెయ్యెత్తింది. అమ్మ తన మెడలోని బైనాక్యులర్స్ తీసి ముందు ఆమెకిచ్చింది. ఆమె చూసి, నవ్వి, తిరిగి అమ్మ కళ్ళకి పెట్టి, ఎటు చూడాలో గడ్డం పట్టుకుని తిప్పింది.

నీటిగుంట పక్కన, వెదురు నీడలో, ఆడపులి. నీళ్ళలో సగం మునిగి కూర్చుంది. నేను కెమెరా జొన్నల సంచీ మీద పెట్టి ఇరవై ఫొటోలు తీశాను. అవి గరుగ్గానే వచ్చాయి, అన్న చెప్పినట్టు కొంచెం నల్లగా. అమ్మ కదల్లేదు. చాలాసేపటికి నెమ్మదిగా అంది. "ఆవులిస్తున్నది. పిల్లల తల్లి లెక్కనే ఉన్నది."

తిరిగి వచ్చేటప్పుడు గేటు బయట రోడ్డు పక్కన తునికాకు మూటలతో ఆడవాళ్ళు వరసగా నడుస్తున్నారు. వెనక ఎర్ర దుమ్ము, తలలమీద పచ్చటి మూటలు. మంచి ఫొటో. అలవాటుగా కెమెరా ఎత్తాను. లెన్స్ మీద అమ్మ చెయ్యి పడింది.

"అడిగినవా?"

అడగలేదు. దించేశాను. జీపు వాళ్ళని దాటేసింది.

ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవి మీద 2024లో వచ్చిన ఒక పరిశోధన అప్పుడు గుర్తొచ్చింది. త్రిశాంత్ సిమ్లాయ్, క్రిస్ శాండ్‌బ్రూక్ రాసింది. జంతువుల కోసం పెట్టిన కెమెరా ట్రాపులూ డ్రోన్లూ అడవిలో కట్టెలకీ గడ్డికీ వెళ్ళే ఆడవాళ్ళని ఎలా వెంటాడాయో అందులో ఉంది. బహిర్భూమికి వెళ్ళిన ఒక స్త్రీ బొమ్మ ట్రాపులో పడి, ఊళ్ళో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అడవిలో గట్టిగా పాడుకుంటూ నడిస్తే ఏనుగులూ పులులూ తప్పుకుంటాయి. కెమెరాలకి బెదిరి ఆడవాళ్ళు గొంతు తగ్గించారు. వ్యాసంగా చదివినప్పుడు దాని కింద గీతలు గీసి నోట్సు రాసుకున్నాను. 640 మిల్లీమీటర్ల చూపు నా చేతిలోకి వచ్చేసరికి, ఆ గీతలన్నీ మర్చిపోయి ఎత్తాను. అమ్మ ఏ వ్యాసమూ చదవలేదు. పాతికేళ్ళు ఎటు నిలబడమంటే అటు నిలబడింది, అంతే.

పులిని చూస్తున్న అమ్మ ఫొటో కూడా ఒకటి ఉంది. అడిగే తీశాను. తలూపింది. నా లెన్స్ దూరాన్ని చూడ్డానికి ఎంచుకున్నది కదా, పక్క సీట్లోని మనిషి అందులో పట్టదు. నేను సీటు చివరికంటా జరిగి వెనక్కి వాలినా, దొరికింది సగం మొహం, బైనాక్యులర్స్ అంచు, గాజుల చెయ్యి మాత్రమే. అన్న చూసి, ఫ్రేమింగ్ పోయిందన్నాడు. అది ఇప్పుడు మా ఇంట్లో, నాన్న మసక ఫొటో పక్కన ఉంది.

వచ్చే ఏడాది మళ్ళీ వెళ్దామంటోంది అమ్మ. ఈసారి కెమెరా తనకివ్వాలట. నేను బైనాక్యులర్స్ పట్టుకోవాలట. జొన్నలు మాత్రం అప్పుడే కడిగి, ఎండబోసి, పిండి పట్టించింది.